నా పీచు ఎవరు మార్చారు?

మే 6, సోమవారం

స్నానాల గదిలో నా మేకుకి కొత్త పీచు వేలాడుతోంది. నా పాత పీచు మెత్తబడి, ఒంటికి బాగా అలవాటుపడిన సమయానికి మాయమైంది. నా ఇంట్లో అద్దెకున్నవాళ్లందరినీ నిలబెట్టి అడిగాను, ఎవరూ నోరు విప్పలేదు. చివరికి కోడలు ఎఫువా, నిండు కడుపు మీద చెయ్యి వేసుకుని, "పాతబడింది కదా అత్తయ్యా, నేనే కొత్తది పెట్టాను" అంది. మరి పాతదేదే అంటే పారేసిందట.

ఎక్కడ పారేసింది? ఒకరి ఒంటిని రుద్దిన పీచు ఇంకొకరి చేతిలో పడితే దానితో ఏమేం చేతబడులు చేయించవచ్చో మా కుమాసి ఊళ్లో చిన్నపిల్లకి కూడా తెలుసు. సముద్రపు ఒడ్డున కేప్‌కోస్ట్ నుంచి వచ్చిన ఈ ఫాంతే తెగ పిల్లకి తెలియదని నేను నమ్మాలా? చెత్తకుప్పంతా కర్రతో కెలికి చూశాను. కనబడలేదు.

ఎవరితో చెప్పుకోను? కొడుకు క్వాకు లారీ తీసుకుని తమాలే వెళ్లాడు. ఇంట్లో ఉన్నా పెళ్లాం మాటకే తల ఊపుతాడు. అద్దెవాళ్లకి చెబితే పొద్దుగూకేలోగా వీధంతా పాకుతుంది. అందుకే రాసుకుంటున్నాను.

మే 9, గురువారం

సంతలో అందరూ ఏకమై మోసం మొదలుపెట్టారు. నల్లసబ్బు కొన్నాను, వాసన లేదు. అల్లం కొన్నాను, అదీ అంతే. ఎండుచేపలమ్మేది నాకు ఇచ్చిన చేపలకి చేప వాసన కూడా లేదు. "ఏమే, గడ్డి అమ్ముతున్నావా?" అని అడిగితే, అది పక్కదాని మొహం చూసి నవ్వింది. ఈస్టర్‌కి నాకు జ్వరం వచ్చి మంచం పట్టినప్పటి నుంచీ వీళ్లకి అలుసైపోయాను.

పుట్టబోయే బిడ్డ ఒంటికి రాయడానికి షియా గింజల వెన్న కూడా తెచ్చాను. అదీ కల్తీయే, ముక్కుకి ఏమీ తగల్లేదు. అయినా రంగు బాగుందని తీసుకున్నాను. ఎఫువా డబ్బా మూత తీసి, వెంటనే పెట్టేసింది. "ఇది వద్దత్తయ్యా, నేను వేరేది తెప్పిస్తా" అంది. అత్త తెచ్చింది పనికిరాదు దానికి. నేను ఆ డబ్బా నా గదిలో దాచాను.

ఈ వీధిలో పుట్టిన పిల్లల్లో సగంమందికి మొదటి స్నానం నా కాళ్ల మీదే జరిగింది. పుట్టిన వారంలో సరిగ్గా తోమకపోతే ఆ మనిషికి జన్మంతా ఒంటి కంపు పోదు. అలాంటి వాళ్లు పక్కన కూర్చుంటే, "నిన్ను పసితనంలో ఎవరు తోమారే?" అంటారు. ఆ తిట్టు వాళ్లకి కాదు, వాళ్ల అమ్మకి తగులుతుంది. నేను తోమిన ఒక్క బిడ్డ కూడా ఇంతవరకు ఆ మాట పడలేదు. ఇప్పుడు నా సొంత కొడుకు బిడ్డ వస్తోంది. నేను ఎన్నేళ్లుగా ఎదురుచూస్తున్నానో ఆ దేవుడికి తెలుసు.

మే 12, ఆదివారం

చర్చిలో నేను కూర్చున్న బెంచీ మీద నలుగురు పట్టేంత ఖాళీ. వెనక బెంచీలో మాత్రం ఒకరి మీద ఒకరు పడి కూర్చున్నారు. ఎదురింటి ఫోసువా అయితే నా పక్కన కూర్చున్నట్టే కూర్చుని, దగ్గు వచ్చిందని లేచి వెళ్లిపోయింది. దగ్గు తగ్గాక తిరిగి రాలేదు.

ఈ ఫోసువా కూడా పసిపిల్లలకి స్నానాలు చేయిస్తుంది. చేయిస్తానని చెప్పుకుంటుంది అంటే సరిగ్గా ఉంటుంది. నా గురించి ఏదో ప్రచారం చేస్తోంది. ఏమిటో తేలాలి.

నేను పూటపూటా స్నానం చేసే మనిషిని. ఇంటికొచ్చి మూడోసారి కూడా చేశాను.

మే 13

స్నానాల గదిలో నా సబ్బు పక్కన ఎవరో నిమ్మకాయ కోసి రెండు చెక్కలు పెట్టారు. రసం పిండలేదు. నేను ముట్టుకోలేదు. కర్రతో కాలవలోకి తోసేశాను.

మే 16, గురువారం

ఈ రోజు తెల్లారకముందే వాకిలి ఊడుద్దామని లేచాను. నా గుమ్మం ముందు ఎఫువా వంగి ఏదో చల్లుతోంది. తెల్లటి నీళ్లు. "ఏం చేస్తున్నావే?" అన్నాను. అది ఉలిక్కిపడి, చేత్తో నోరు మూసుకుని, తల అడ్డంగా ఊపింది. నోరు పుక్కిలించలేదట, పొద్దున్నే పాచి నోటితో పెద్దవాళ్లతో మాట్లాడకూడదట. ఎంత మర్యాదో! ఎప్పుడూ లేని మర్యాద ఈ రోజు సరిగ్గా సమయానికి గుర్తొచ్చింది. నోరు కడుక్కునే వంకతో వెళ్లినది మళ్లీ పొయ్యి రాజుకున్నాక కనబడింది. అప్పుడు అడిగితే, "ఫినాయిలత్తయ్యా, చీమలు పట్టాయి" అంది.

నా గుమ్మానికే ఎందుకు పట్టాయి చీమలు? ఫినాయిలైతే ముక్కు అదిరిపోవాలి కదా. వంగి వాసన చూశాను. నీళ్లే. నాకు అబద్ధం చెప్పింది.

మే 19, ఆదివారం

ఇది ఎవరూ నమ్మరు. అయినా రాయాలి.

చర్చి నుంచి వచ్చేసరికి నా గది తలుపు బార్లా తీసి ఉంది. నా ట్రంకుపెట్టె మంచం కింద నుంచి బయటికి లాగారు. నా బట్టలన్నీ, నా తల్లి చావుకి కట్టుకున్న నల్ల వస్త్రంతో సహా, వాకిట్లో తీగ మీద ఆరేసి ఉన్నాయి. వీధిలో పోయేవాళ్లందరూ చూస్తున్నారు. ఎఫువా చెమటలు కక్కుతూ పీట మీద కూర్చుంది.

"ఎవరిని అడిగి తీశావే?"

"ఎండ వచ్చింది కదా అత్తయ్యా. వానలకి చెమ్మ పట్టి ఉంటాయని..."

"నిండు నెలల్లో పెట్టె లాగావా? అందులో ఏం వెతికావు?"

"ఏమీ లేదత్తయ్యా."

ఏమీ పోలేదు, నిజమే. నల్ల వస్త్రం అంచు మాత్రం ఒక చోట చిరిగింది, ఆ ముక్క లేదు. కత్తెరతో కోసినట్టు ఉంది. అద్దెకుండే ఆఫ్రిఫా అని ఎలక్ట్రీషియన్ ఉన్నాడు, వాడి పెళ్లాం చెవిలో చెప్పింది: ఎఫువా పెరట్లో అరటిచెట్ల దగ్గర ఏదో పూడ్చి పెట్టిందట, ముక్కుకి గుడ్డ కట్టుకుని మరీ.

మే 20

తవ్వాను. ఎలుక. నా నల్ల వస్త్రపు ముక్కలో చుట్టి పూడ్చిన చచ్చిన ఎలుక.

ఇంకేం కావాలి? నా పీచు, నిమ్మచెక్కలు, గుమ్మం ముందు నీళ్లు, ఇప్పుడు నా తల్లి చావుబట్టలో ఎలుక. నాకు ఏం చేయాలని చూస్తోంది ఈ పిల్ల? నేను దానికి ఏం ద్రోహం చేశాను? క్వాకు దాన్ని తెచ్చినప్పుడు ఫాంతేదని నలుగురూ నవ్వితే నేనే వాళ్ల నోళ్లు మూయించాను.

మళ్లీ పూడ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. బిడ్డ కడుపులో ఉంది, గొడవైతే బిడ్డకి తగులుతుంది. పురుడయ్యాక చూస్తాను.

మే 23

నా ముక్కు బాగానే ఉంది. వానాకాలపు పడిశం, అంతే.

మే 26, ఆదివారం

గోడ అవతల నుంచి విన్నాను. ఎఫువా ఫోన్లో నా కొడుకుతో మాట్లాడుతోంది.

"నేనెలా చెప్పను? మీ అమ్మ కదా, నువ్వే చెప్పు... కాదు, నాకు భయం కాదు. బిడ్డ సంగతి ఆలోచించు... ఫోసువా అత్తని అడిగాను, వస్తానంది."

సాయంత్రం క్వాకు నాకు ఫోన్ చేశాడు. వాన ఎలా పడుతోంది, మోకాళ్లు ఎలా ఉన్నాయి అని డొంకతిరుగుడుగా మొదలుపెట్టాడు. "అమ్మా, నీకు జ్వరం వచ్చి తగ్గింది కదా, ఈసారి స్నానాలు ఫోసువా అత్త చేత..."

"నిన్ను ఎవరు తోమారు రా?" అన్నాను.

వాన సంగతి మళ్లీ ఎత్తాడు.

"నీ ఒంటి నుంచి ఎప్పుడైనా కంపు వచ్చిందని ఎవరైనా అన్నారా? చెప్పు!"

"లేదమ్మా."

"అయితే ఫోన్ పెట్టు."

ఏడ్చాను. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఏడ్చాను. నా మనవడినో మనవరాలినో నా కాళ్ల మీద నుంచి లాక్కుని ఆ ఫోసువా కాళ్ల మీద పడుకోబెట్టాలని వీళ్ల పన్నాగం. చూస్తాను, ఎలా లాక్కుంటారో.

జూన్ 4, మంగళవారం

ఆడపిల్ల! ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. మంగళవారం పుట్టింది కాబట్టి వారం పేరు అబెనా. తల్లీబిడ్డా క్షేమం. నేను వాకిలంతా రెండుసార్లు ఊడ్చాను.

జూన్ 5, బుధవారం

పొద్దున్నే తల్లీబిడ్డా ఇంటికి వచ్చారు. వాళ్ల వెనకే ఫోసువా తన సబ్బూ పీచూ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. నేను అప్పటికే పీట వేసుకుని, కాళ్లు చాపుకుని, వేడినీళ్ల బేసిన్ పక్కన పెట్టుకుని కూర్చున్నాను.

"న్యార్కో అక్కా, నీకు ఒంట్లో బాలేదని పిలిచారు" అంది.

"నాకేం? నీకే దగ్గు కదా, చర్చిలో చూశాను. పసిపిల్ల దగ్గరికి దగ్గేవాళ్లు రాకూడదు" అన్నాను.

మొహం మాడ్చుకుని పోయింది. ఎఫువా దాన్ని గుమ్మం దాకా సాగనంపి వచ్చింది. బిడ్డని నా కాళ్ల మీద పడుకోబెట్టింది.

ఎంత చిన్న వీపో. మెడ మడతల్లో, చంకల్లో, తొడల సందుల్లో, చెవుల వెనక పుట్టినప్పటి తెల్లటి జిడ్డు ఇంకా అంటుకుని ఉంది. అదే సరిగ్గా పోవాలి. వేడి గుడ్డతో తల అద్ది గుండ్రంగా నొక్కాను, చేతులూ కాళ్లూ సాగదీశాను. ఏడ్చి ఏడ్చి చివరికి నా మోకాళ్ల మధ్య నిద్రపోయింది. బొడ్డుకి నేను దాచిన షియా వెన్న రాశాను. నా చేతులు ఏదీ మరిచిపోలేదు.

జూన్ 7, శుక్రవారం

ఇది భరించలేను. నేను బిడ్డని తుడిచి ఇవ్వగానే ఎఫువా దాన్ని మొహానికి ఆనించుకుని వాసన చూస్తుంది. తల దగ్గర, చంకల్లో, పొట్ట దగ్గర. ప్రతి పూటా ఇదే పని. నేను సరిగ్గా తోమానో లేదో పరీక్ష! నా మొహం మీదే! ఈ వీధిలో ఏ కోడలూ ఏ అత్తకీ చేయని అవమానం ఇది.

"ఏమే, కంపు కొడుతోందా నేను తోమిన పిల్ల?" అన్నాను.

"అది కాదత్తయ్యా."

"ఏది కాదు?"

"బొడ్డు దగ్గర ఏదో... ఆ వెన్న రాయకండత్తయ్యా, మీకు దండం పెడతా."

నేను బిడ్డ పొట్ట మీదికి ముక్కు పెట్టి చూశాను. ఏ వాసనా లేదు, శుభ్రంగా ఉంది. ఆ మాటే చెప్పాను. ఎఫువా నా వైపు అదోలా చూసింది. జాలిగా చూసినట్టు అనిపించింది. నా మీద జాలేమిటి దీనికి?

జూన్ 8, శనివారం

ఎఫువా నాతో ఏదో ఆట ఆడింది. రెండు గిన్నెలు తెచ్చి కళ్లు మూసుకోమంది. ఏ గిన్నెలో ఏముందో చెప్పమంది. చెప్పాను. దానికేం.

బిడ్డ పాలు తాగడం లేదు. ఒళ్లు కాలుతోంది.

జూన్ 9, ఆదివారం. ఆస్పత్రి బెంచీ మీద.

నిన్న సరిగ్గా రాయలేదు.

రెండు గిన్నెలూ గుడ్డ కప్పి నా ముక్కు దగ్గర పెట్టింది. మొదటిది వాసన చూసి "సబ్బు" అన్నాను. రెండోదానికి ఏమనాలో తెలియక "వెన్న" అన్నాను. కళ్లు తెరిచాను. మొదటి గిన్నెలో మోమోనే అనే చేప ఉంది. పులుసులో వేసే ఊరబెట్టిన చేప, మూత తీస్తే పక్కింటివాళ్లు కూడా వచ్చి కూర చేస్తున్నావా అని అడిగేంత కంపు. రెండో గిన్నెలో నా షియా వెన్న డబ్బా నుంచి తీసిన ముద్ద. పైన తెల్లగా ఉంది, లోపల అడుగున పచ్చటి బూజు.

ఎఫువా అరవలేదు. "అత్తయ్యా, ఈ వెన్న చెడిపోయి చాలా రోజులైంది. బిడ్డ బొడ్డు దగ్గర అదే కంపు, ఇంకా పాడు కంపు కలిసి వస్తోంది. మీకు తెలియడం లేదు. పదండి ఆస్పత్రికి" అంది. నేను వెళ్లనన్నాను. రేపు చూద్దాం అన్నాను. రాత్రంతా బిడ్డ మూలుగుతూనే ఉంది. ఈ రోజు తెల్లవారగానే నోరు పుక్కిలించకుండానే అది బిడ్డని వీపుకి కట్టుకుని బయల్దేరింది, దారిలో నేనూ కలిశాను. ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఇద్దరివీ పాచి నోళ్లే.

నర్సు బొడ్డు చూసి, "ఏం రాశారు దీనికి?" అంది. ఎఫువా నా వైపు చూడలేదు. "తెలియక వెన్న రాశాం" అంది. రాశాం అంది. నేను రాశానని అనలేదు.

చీము పట్టిందట, ఇప్పుడే మొదలైందట. కంపు పసిగట్టి వెంటనే తెచ్చారు కాబట్టి సరిపోయింది, ఇంకొంచెం ఆగి ఉంటే ఒళ్లంతా పాకేదని చెప్పి సూది వేసింది. బిడ్డని కొన్ని రోజులు ఇక్కడే ఉంచాలట.

నా ముక్కు కూడా చూడమని ఎఫువా అడిగింది. జ్వరాల తర్వాత కొందరికి ఇలా అవుతుందట. వాసన మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు అంది నర్సు.

జూన్ 11, మంగళవారం

ఈ రోజు ఎనిమిదో రోజు. ఇంట్లో ఉంటే బిడ్డని ఎండలోకి తెచ్చి అసలు పేరు పెట్టేవాళ్లం. ఇక్కడ సెలైన్ సీసా కింద పడుకుంది. జ్వరం తగ్గింది. పొద్దున పాలు తాగింది.

బెంచీ మీద ఎఫువా పక్కన కూర్చున్నాను. ఇక అడగకుండా ఉండలేకపోయాను.

"నా చావుబట్టలో ఎలుకని చుట్టి ఎందుకు పూడ్చావే?"

అది నోరు తెరిచి నన్ను చూసింది. తర్వాత మొహం చేతుల్లో పెట్టుకుని భుజాలు ఊగిపోయేలా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

"నేను చుట్టానా? అది మీ ట్రంకుపెట్టెలో ఆ బట్టని కొరికి గూడు కట్టుకుని అందులోనే చచ్చిందత్తయ్యా! ఎన్ని రోజులైందో! బట్టకి అంటుకుపోయింది, విడదీయలేక ఆ ముక్క కత్తిరించేశాను. మీ బట్టలన్నిటికీ ఆ కంపే పట్టింది. మీరు స్నానం చేసి వచ్చి మళ్లీ అవే కట్టుకునేవారు."

చర్చి బెంచీ గుర్తొచ్చింది. ఫోసువా దగ్గు గుర్తొచ్చింది. ఎండుచేపలమ్మేదాని నవ్వు గుర్తొచ్చింది. భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది.

"పీచు?"

"పీచు వల్లేమో అనుకున్నా మొదట. తర్వాత నిమ్మచెక్క పెట్టా, చంకలకి రుద్దుకుంటారని. తర్వాత ఫినాయిల్. ఏదీ పనిచేయలేదు. అప్పుడు పెట్టె తీశా."

"నోటితో చెబితే సరిపోయేది కదే!"

ఎఫువా గొంతు తగ్గించింది. "మీ దగ్గర కంపు వస్తోందని ఎలా అననత్తయ్యా? అంటే మిమ్మల్ని పసితనంలో సరిగ్గా తోమలేదన్నట్టే కదా. చనిపోయిన మీ అమ్మని తిట్టినట్టే కదా. మా ఊళ్లో కూడా అంతే."

నేను అందరికీ చెప్పే మాటే అది.

జూన్ 14, శుక్రవారం

ఇంటికి వచ్చాం. షియా డబ్బా బూడిదకుప్పలో పారేశాను. బొడ్డు పొడిగా ఉంచమన్నారు, ఏమీ రాయొద్దన్నారు.

ఫోసువా సబ్బూ పీచూ పట్టుకుని మళ్లీ వచ్చింది. ఎఫువా నా వైపు చూసింది. నేను వద్దంటే ఒప్పుకునేదే, రమ్మన్నా ఒప్పుకునేదే. ఆ చూపులో ఏ ఎత్తూ కనబడలేదు, ఎంత వెతికినా.

పీట వేసుకుని కూర్చున్నాను. కాళ్లు చాపాను. "ఎఫువా, నువ్వు నా పక్కన కూర్చో" అన్నాను.

ఫోసువా నవ్వింది. "ఏంటక్కా, ఒక్క పిల్ల స్నానానికి ఇద్దరా? అంత పెద్ద ఏనుగుపిల్లా?"

గుమ్మంలో ఆఫ్రిఫా పెళ్లాం కూడా నిలబడి ఉంది. ఈ మాట పొద్దుగూకేలోగా వీధంతా పాకుతుందని నాకు తెలుసు. అయినా గట్టిగానే అన్నాను: "నాకు వాసన తెలియడం లేదే ఫోసువా. ఈస్టర్ జ్వరంతో పోయింది. నా పెట్టెలో ఎలుక చచ్చినా నాకు తెలియలేదు, నువ్వు మాత్రం దగ్గి పారిపోయావు. చేతులు నావి, ముక్కు దీనిది. మాకు చాలు."

ఫోసువా మొహం చూడాలి! "నాకు నిజంగానే దగ్గు వచ్చింది" అంది.

జూన్ 16, ఆదివారం

చర్చికి వెళ్లేముందు ఎఫువా ముందు నిలబడ్డాను. "చూడు" అన్నాను. అది నా భుజం దగ్గర, పైబట్ట అంచు దగ్గర వాసన చూసి, "బాగుందత్తయ్యా, వెళ్లండి" అంది. ఫాంతే పిల్లలకి తీయటి మాటలు బాగా వచ్చు, నా సంతోషం కోసం అందేమోనని సందేహం వచ్చి, "నిజం చెప్పవే" అన్నాను. మళ్లీ చూసి, "ఇస్త్రీ వాసన, కొంచెం సబ్బు" అంది. బెంచీ మీద ఇద్దరు నా పక్కన కూర్చున్నారు.

సాయంత్రం స్నానం అయ్యాక అబెనాని తుడిచి ఎఫువాకి అందించాను. బొడ్డు చూసింది, బాగుందంది. నడినెత్తి మీద ముక్కు ఆనించింది.

"ఎలా ఉందే, తల?" అన్నాను.

కళ్లు మూసుకుంది. "పాలు... కొంచెం చెమట. అత్తయ్యా, వాన వెలిసి వాకిలి ఆరుతున్నప్పుడు వస్తుంది చూడండి, అలా."

ఆ వాసన నాకు తెలుసు. తెలుసనే అనుకుంటున్నాను. ఎంత తలుచుకున్నా వాకిలి కనబడుతోంది కానీ వాసన రావడం లేదు. మరిచిపోకుండా ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

బిడ్డని మళ్లీ అడిగి తీసుకున్నాను. నా ముక్కు దాని తల మీద పెట్టాను. ఏమీ రాలేదు. అది నిద్రపోయేదాకా ముక్కు తీయలేదు.